దక్షిణాఫ్రికా పాత జెండా మధ్యలో ఆ మూడు చిన్న జెండాలు ఎందుకు?

ఉద్యోగం కోసం జోహన్నెస్‌బర్గ్ వెళ్లిన మీరు అక్కడి పాత సామాన్ల దుకాణంలో నారింజ, తెలుపు, నీలం పట్టీల జెండా ఒకటి కొన్నారు. దాని మధ్యలో మూడు చిట్టి జెండాలు ఎందుకున్నాయి, వాటిలో బ్రిటిష్ జెండా తిరగేసి ఉండడం అచ్చు తప్పా, దీన్ని అద్దె ఇంటి హాల్లో గోడకు తగిలిస్తే ఏమైనా ఇబ్బందా అని అడిగారు. చివరి ప్రశ్నకు ముందే జవాబు చెబుతాను: తగిలించకండి. ఎందుకన్నది మొదటి రెండు ప్రశ్నల జవాబుల్లోంచే వస్తుంది, కాస్త ఓపిగ్గా చదవండి. జెండాల సేకరణ నాకు చాలా ఏళ్లుగా ఉన్న వ్యసనం. రద్దయిన జాతీయ పతాకాలన్నిటిలో ఇంత తగవు నింపుకున్న గుడ్డ మరొకటి నా కంటబడలేదు.

ఇది 1928 నుంచి 1994 వరకు దక్షిణాఫ్రికా జాతీయ జెండా. దాని మూలాలు బోయర్ యుద్ధంలో ఉన్నాయి. 1899 నుంచి 1902 దాకా సాగిన ఆ యుద్ధంలో డచ్చి సంతతి బోయర్ల రెండు గణతంత్రాలను, అంటే ట్రాన్స్‌వాల్‌ను, ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌ను, బ్రిటిష్ సామ్రాజ్యం గెలుచుకుంది. బోయర్ల ఆడవాళ్లనూ పిల్లలనూ నిర్బంధ శిబిరాల్లో పెట్టారు, వాళ్లలో వేలమంది అక్కడే చనిపోయారు. ఆ గాయం ఆరకముందే, 1910 మే 31న, ఓడిన ఆ రెండు రాజ్యాలనూ బ్రిటిష్ వలసలైన కేప్, నటాల్‌లతో కలిపి దక్షిణాఫ్రికా యూనియన్‌ను ఏర్పాటు చేశారు. కొత్త దేశానికి సొంత జెండా అంటూ ఏమీ పెట్టలేదు. బ్రిటిష్ జెండా అయిన యూనియన్ జాక్ ఎగిరేది. దాన్ని మూలన పెట్టుకున్న, ఓడల మీద ఎగరేసే ఎర్ర జెండా మీద దేశ చిహ్నాన్ని అతికించి వాడుకునేవారు. తమ ఇంటివాళ్లను శిబిరాల్లో పోగొట్టుకున్న బోయర్లు, అంటే తర్వాతి మాటలో ఆఫ్రికానర్లు, ఆ జెండాకు వందనం చేయాల్సి వచ్చింది.

1924 ఎన్నికల్లో బోయర్ సేనాని హెర్ట్‌జోగ్ తన నేషనల్ పార్టీకి లేబర్ పార్టీని తోడు తెచ్చుకుని అధికారంలోకి వచ్చాడు. ఆయన మంత్రివర్గంలో హోంశాఖ చూసిన డి.ఎఫ్. మలాన్ జాతీయ జెండా బిల్లు తెచ్చాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. కొత్త జెండాలో యూనియన్ జాక్ ఉండకూడదని ఆఫ్రికానర్ జాతీయవాదుల పట్టుదల. అది లేకపోతే అసలు జెండాయే కాదని ఇంగ్లిషువాళ్ల పంతం. నటాల్‌లోనైతే యూనియన్ నుంచి విడిపోతామన్న మాట కూడా వచ్చింది. రెండేళ్లకు పైగా సభలు, ఊరేగింపులు, పత్రికల్లో దుమ్మెత్తిపోసుకోవడాలు సాగాయి. తెల్లవాళ్ల మధ్య మరోసారి తుపాకులు పేలతాయేమోనని భయపడినవాళ్లూ ఉన్నారు. చివరికి 1927లో చట్టసభలో రాజీ కుదిరింది. 1928 మే 31న కేప్‌టౌన్‌లోనూ ప్రిటోరియాలోనూ కొత్త జెండా ఎగరేశారు.

ఇక మీ జెండాను బల్ల మీద పరిచి, కర్ర వైపు అంచు మీ ఎడమ చేతికి వచ్చేలా పెట్టుకుని చూడండి.

అడ్డంగా మూడు సమానమైన పట్టీలు: పైన నారింజ, నడుమ తెలుపు, కింద నీలం. ఇవి నెదర్లాండ్స్ పాత రాజకుమారుడి జెండా రంగులు. 1652లో డచ్చివాళ్ల నాయకుడు వాన్ రీబెక్ కేప్‌లో దిగినప్పుడు ఈ జెండాయే ఎగరేశాడని రాజీ కుదిర్చినవాళ్లు చెప్పుకున్నారు. ఆనాటికే డచ్చివాళ్లు నారింజ బదులు ఎరుపు వాడడం మొదలుపెట్టారు కాబట్టి ఆ కథను చరిత్రకారులు అనుమానంగానే చూస్తారు. కథ నిజమా కాదా అన్నది అప్పుడు ఎవరికీ పట్టలేదు. ఆ మూడు రంగుల జోడింపు బ్రిటన్‌దీ కాదు, ఓడిపోయిన బోయర్ రాజ్యాలదీ కాదు. వాళ్లకు కావలసింది అంతే.

తెల్ల పట్టీ మధ్యలో ఉన్నవే మీరు అడిగిన చిట్టి జెండాలు. మూడూ ఒకే కొలత, ఒక్కొక్కటి వెడల్పులో తెల్ల పట్టీకి మూడో వంతు. ఎడమ పక్కన, అంటే కర్ర వైపు, యూనియన్ జాక్. నడుమ నిలువుగా వేలాడుతున్నది ఆరెంజ్ ఫ్రీ స్టేట్ జెండా: నారింజ, తెలుపు చారలు, మూలన బుల్లి డచ్చి జెండా. కుడి పక్కన ట్రాన్స్‌వాల్ నాలుగు రంగుల జెండా: ఎరుపు, తెలుపు, నీలం అడ్డపట్టీలు, కర్ర వైపు నిలువుగా ఆకుపచ్చ పట్టీ. కేప్‌కూ నటాల్‌కూ కలిపి యూనియన్ జాక్ ఒక్కటే. మీ జెండా 120 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుంటే తెల్ల పట్టీ 40, చిట్టి జెండా సుమారు 13, అందులోని డచ్చి జెండా అయిదారు సెంటీమీటర్లు వస్తుంది. జెండాలో జెండా, దానిలో మళ్లీ జెండా. పది అడుగుల దూరం నుంచి చూస్తే ఏదో మరక పడ్డట్టు ఉంటుంది తప్ప ఒక్కటీ పోల్చుకోలేం. జెండా రూపకల్పనకు ఇది ఎంత మాత్రం ఆదర్శం కాదు. కానీ దీన్ని గీసినవాళ్లకు అందం అవసరం రాలేదు. అన్నదమ్ముల పంపకాల కాగితంలో గట్టు కొలత దగ్గర నుంచి చింతచెట్టు కొమ్మ దాకా రాసుకున్నట్టు, ఎవరి గుర్తు ఎక్కడుండాలి, ఎంతుండాలి అన్నది చట్టంలో రాసుకున్నారు.

యూనియన్ జాక్ తిరగేసి ఉండడానికి కారణం ఆ రాతలోనే ఉంది. జెండాల మర్యాదలో కర్రకు దగ్గరి చోటు గౌరవ స్థానం. అది బ్రిటిష్ జెండాకు దక్కింది. దానికి సరితూగాలంటే రెండో పక్షానికీ ఏదో దక్కాలి కదా. అందుకని నడుమనున్న ఫ్రీ స్టేట్ జెండానే కర్ర అనుకుని, ట్రాన్స్‌వాల్ జెండా కుడికి ఎగురుతున్నట్టు, యూనియన్ జాక్ ఎడమకు ఎగురుతున్నట్టు వేశారు. ఎడమకు ఎగిరే జెండాకు కర్ర వైపు అంచు కుడిన ఉంటుంది కాబట్టి బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. ఇది అచ్చు తప్పు కాదు, చట్టం చెప్పిన పద్ధతే. ఈ ఒక్క సంగతితోనే మీ జెండా అసలుదో నకిలీదో చాలావరకు తేలిపోతుంది, చివర్లో చెబుతాను.

రాజీలో ఇంకో ముక్క ఉంది. కొత్త జెండా వచ్చినా యూనియన్ జాక్ పోలేదు. పార్లమెంటు మీద, రాజధానుల్లోని ముఖ్య కార్యాలయాల మీద, ఓడరేవుల్లో రెండు జెండాలూ పక్కపక్కనే ఎగరాలని రాసుకున్నారు. ఈ జంట జెండాల ఏర్పాటు 1957 దాకా నడిచింది.

ఇంత తగవులోనూ ఎవరిని అడగలేదో చూడండి. దేశంలో అత్యధికులైన నల్లవాళ్లను అడగలేదు. మిశ్రమ సంతతివాళ్లను అడగలేదు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరినప్పటి నుంచి నటాల్ చెరకు తోటల్లో చాకిరీ చేస్తున్న మనవాళ్లనూ అడగలేదు. ఆ కూలీల్లో తెలుగువాళ్లు గణనీయంగా ఉన్నారు. మీకు డర్బన్‌లో నాయుళ్లు, రెడ్లు, మాటల్లో తెలుగు దాదాపు పోయినా ఇంటిపేర్లు మిగిలినవాళ్లు కనిపించి ఉంటారు. నటాల్‌లో భారతీయుల ఓటుహక్కును 1896లోనే ఊడబెరికారు.

మలాన్ పేరు గుర్తుపెట్టుకోమన్నాను కదా. 1925లో భారతీయుల నివాసాలనూ వ్యాపారాలనూ విడిగా గిరిగీసిన చోట్లకు నెట్టే బిల్లు తెచ్చినవాడు ఆయనే. భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో 1926 చివర, 1927 మొదట్లో కేప్‌టౌన్‌లో చర్చలు జరిగాయి. ఆ బిల్లును పక్కన పెట్టి, భారతీయులు దారిఖర్చులు తీసుకుని స్వదేశానికి వెళ్లిపోయేలా ప్రోత్సహించే ఒప్పందానికి వచ్చారు. ఉండిపోయేవాళ్ల బాగోగులు చూసేందుకు భారత ప్రభుత్వ ప్రతినిధిగా మొదట శ్రీనివాసశాస్త్రి వెళ్లారు. ఆయన తర్వాత 1929లో మన కూర్మా వెంకటరెడ్డినాయుడు. ఏలూరులో వకీలుగా పేరు తెచ్చుకున్న ఈయనే తర్వాత మద్రాసు రాష్ట్రానికి కొన్నాళ్లు ముఖ్యమంత్రి అయ్యారు. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పుట్టింది. జెండా చట్టం, భారతీయులను సాగనంపే ఒప్పందం రెండూ ఒకే ఏడాదివి, ఒకే మంత్రి చేతి మీదుగా నడిచినవి. జెండా చరిత్ర చెప్పేవాళ్లలో చాలామంది ఈ రెండింటినీ ఒక పుటలో పెట్టరు. నాకు మాత్రం ఇవి విడివిడి సంగతులుగా ఎన్నడూ కనిపించలేదు. 1948లో వర్ణవివక్షను అధికార విధానంగా మార్చిన ప్రధానమంత్రి కూడా ఈ మలానే.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్న మాటకు వస్తాను. ఈ జెండాను అది అధికారంలో ఉన్నంత కాలం ఎవరూ పెద్దగా ప్రేమించలేదు. ఇంగ్లిషువాళ్లకు అది తమ యూనియన్ జాక్‌ను వేలెడంత చేసి మూలకు నెట్టిన గుడ్డ. ఆఫ్రికానర్ జాతీయవాదులకు ఆ వేలెడంత యూనియన్ జాక్ కూడా కంట్లో నలుసు. 1960 అక్టోబరులో, తెల్లవాళ్లే ఓటేసిన ప్రజాభిప్రాయ సేకరణలో, దాదాపు 52 శాతం గణతంత్రానికి ఒప్పుకున్నారు. 1961 మే 31న దేశం గణతంత్రమై కామన్వెల్త్ నుంచి బయటికి వచ్చింది. రాణి పోయింది, నాణేలు మారాయి, జెండా మాత్రం అలాగే ఉంది, యూనియన్ జాక్‌తో సహా. స్వల్ప ఆధిక్యంతో గెలిచిన ప్రధాని వెర్వోర్డ్ ఆ తేనెతుట్టెను అప్పుడు కదపదలుచుకోలేదు. కానీ మనసులో వేరే జెండా ఉంది: అవే మూడు రంగులు నిలువు పట్టీలుగా, మధ్యలో ఆరు ప్రోటియా పూల మీదుగా దూకుతున్న స్ప్రింగ్‌బాక్ జింక. గణతంత్రం పదో ఏట, 1971లో, దాన్ని ఎగరేయాలని ఆలోచన. 1966 సెప్టెంబరులో ఆయన పార్లమెంటులోనే హత్యకు గురయ్యాడు. తర్వాత వచ్చిన వోర్‌స్టర్ ఆ పథకాన్ని అటకెక్కించాడు. వర్ణవివక్షకు మూలపురుషుల్లో ఒకడైన వెర్వోర్డే వదిలించుకోవాలనుకున్న జెండా, ఆ తర్వాత వర్ణవివక్షకు గుర్తుగానే లోకానికి తెలిసింది.

1960 నుంచి మూడు దశాబ్దాల్లో జెండా మీద ఒక్క గీత మారలేదు, దాని అర్థం మాత్రం పూర్తిగా మారిపోయింది. షార్ప్‌విల్, సొవెటోల్లో నల్లవాళ్ల మీద పోలీసులు జరిపిన కాల్పుల వార్తల్లో పోలీసు ఠాణాల మీద కనిపించిన జెండా ఇదే. నల్లవాళ్లను సొంత దేశంలోనే పరాయివాళ్లను చేసేందుకు ట్రాన్స్‌కే, బొఫుతత్స్వానా, వెండా, సిస్కే అనే ఉత్తుత్తి దేశాలు సృష్టించి, వాటికి వేరే జెండాలు కుట్టించారు. అంటే అసలు జెండా మీది కాదని అధికారికంగానే చెప్పేశారు. 1946లోనే దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుని, ఆ సమస్యను ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్లిన మొదటి దేశం మనదే. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు దక్షిణాఫ్రికాను రానివ్వలేదు, 1970లో ఒలింపిక్ సంఘం నుంచే వెలివేశారు. 1990 మార్చి 21న, అప్పటిదాకా దక్షిణాఫ్రికా ఏలుబడిలో ఉన్న నమీబియా స్వతంత్రమైనప్పుడు, దాని రాజధాని విండ్‌హుక్‌లో ఈ జెండా దిగింది.

1992లో వింత జరిగింది. జులై నెలలో బార్సిలోనా ఒలింపిక్స్‌కు దక్షిణాఫ్రికా జట్టు తిరిగి వచ్చింది, కానీ జాతీయ జెండాతో కాదు. అందుకోసం ప్రత్యేకంగా తయారుచేసిన తెల్ల జెండా వెంట నడిచింది. మూడు వారాలకే, ఆగస్టు 15న, జోహన్నెస్‌బర్గ్‌లో మీకు దగ్గర్లోనే ఉన్న ఎల్లిస్ పార్క్‌లో న్యూజిలాండ్‌తో రగ్బీ మ్యాచ్. అధికారికంగా పాత జెండా, పాత గీతం వద్దన్నది ఒప్పందం. హింసలో చనిపోయినవారి కోసం మౌనం పాటించమంటే, తెల్ల ప్రేక్షకులు ఆ మౌనంలోనే గొంతెత్తి పాత జాతీయగీతం పాడారు. స్టేడియమంతా నారింజ, తెలుపు, నీలం. 1928లో ఏ పక్షానికీ పూర్తిగా నచ్చని జెండాకు నిజమైన భక్తులు పుట్టింది, నా లెక్కన, ఆ సాయంత్రమే. చేజారిపోతోందని తెలిశాకే దాన్ని గట్టిగా పట్టుకున్నారు.

కొత్త జెండా కథ వేరే సమాధానానికి సరిపోయేంత ఉంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1993లో ప్రజలను నమూనాలు పంపమంటే ఏడు వేలకు పైగా వచ్చాయి, ఒక్కటీ కుదరలేదు. అన్ని జాతులవాళ్లూ ఓటేసే మొదటి ఎన్నికలు నెత్తి మీదికొచ్చాయి. ప్రభుత్వ చిహ్నాల శాఖ అధికారి ఫ్రెడరిక్ బ్రౌనెల్, జ్యూరిక్‌లో జరిగిన జెండా పండితుల మహాసభలో కార్యక్రమ పత్రం వెనక గీసుకున్న బొమ్మ అక్కరకొచ్చింది. చర్చల్లో మండేలా పక్షాన ఉన్న రామఫోసా, ప్రభుత్వం పక్షాన ఉన్న రోల్ఫ్ మేయర్ దాన్ని ముందుకు నడిపారు. రుస్టెన్‌బర్గ్‌లో ఉన్న మండేలాకు ఫ్యాక్సులో నలుపు తెలుపుల్లో వెళ్లిన బొమ్మకు అక్కడివాళ్లు రంగు పెన్సిళ్లు కొనుక్కొచ్చి రంగులేసి చూపించారు. 1994 మార్చి 15న ఆమోదం, ఏప్రిల్ 27 ఎన్నికల నాడు కొత్త జెండా. ఆ రంగులకు ఏ అర్థమూ అధికారికంగా చెప్పకపోవడం తెలివైన పని. అర్థాలు చెప్పి కుట్టిన జెండా ఏమైందో వాళ్లకు తెలుసు. మరుసటి ఏడాది అదే ఎల్లిస్ పార్క్‌లో, అదే న్యూజిలాండ్‌తో రగ్బీ ప్రపంచ కప్ ఫైనల్ జరిగితే జనం చేతుల్లో ఉన్నది ఎక్కువగా కొత్త జెండాయే.

ఇక చట్టం సంగతి. పాత జెండా దగ్గర ఉంచుకోవడం నేరం కాదు, కొనడం అమ్మడం కూడా కాదు. 2017 అక్టోబరు 30న పొలాల్లో జరిగే హత్యలకు నిరసనగా జరిగిన ప్రదర్శనల్లో ఈ జెండా కనిపించిందని నెల్సన్ మండేలా ఫౌండేషన్ సమానత్వ న్యాయస్థానానికి వెళ్లింది. భావప్రకటన స్వేచ్ఛ పేరిట ఆఫ్రిఫోరం అనే ఆఫ్రికానర్ల హక్కుల సంస్థ ఎదురు నిలబడింది. 2019 ఆగస్టు 21న న్యాయమూర్తి ఫినియస్ మొజపెలో తీర్పు చెప్పారు: తగిన కారణం లేకుండా ఈ జెండాను ప్రదర్శించడం విద్వేష ప్రసంగం, జాతి వివక్ష, వేధింపు కిందికి వస్తుంది. కళ, చదువు, పత్రికా రచన లాంటి నిజమైన ప్రజాప్రయోజనం ఉంటే మినహాయింపు. 2023 ఏప్రిల్‌లో అప్పీళ్ల సుప్రీంకోర్టు ఆ తీర్పులోని ప్రధానాంశాన్ని సమర్థించింది. ఇది నేర చట్టం కాదు కాబట్టి మిమ్మల్ని పోలీసులు పట్టుకుపోరు. కానీ ఎవరైనా ఫిర్యాదు చేస్తే సమానత్వ న్యాయస్థానంలో మీరు జవాబు చెప్పాలి, క్షమాపణకో పరిహారానికో ఆదేశాలు రావచ్చు.

నేనుండే ఇంటి నాలుగు గోడల మధ్య అయితే ఏమిటి అని మీరు అడగవచ్చు. కోర్టు వాదన అటుంచండి. మీ హాల్లోకి ఇల్లు ఊడ్చడానికి వచ్చే మనిషి, కుళాయి బాగుచేసే మనిషి, ఆఫీసు స్నేహితులు వస్తారు. వాళ్లలో 1994కు ముందు పుట్టినవారి ఇళ్లలో ఆ జెండా కింద, నల్లవాళ్లు ఎప్పుడూ వెంట ఉంచుకోవాల్సిన అనుమతి పుస్తకం చూపించలేక జైలుకెళ్లినవాళ్లు ఉంటారు. మీకు చరిత్ర మీద ఆసక్తి అని ప్రతి ఒక్కరికీ విడమరిచి చెప్పుకోలేరు. చెప్పుకున్నా ఆ గోడ కింద కూర్చుని టీ తాగడం వాళ్లకు కష్టం. 2015లో అమెరికాలోని చార్ల్స్‌టన్ చర్చిలో తొమ్మిదిమంది నల్లవారిని కాల్చి చంపిన యువకుడు కోటుకు ఈ జెండా గుర్తు కుట్టుకుని ఫొటో దిగాడు. ఇప్పుడు ఈ జెండా ఎలాంటి చేతుల్లో తిరుగుతోందో అంతకంటే చెప్పనవసరం లేదు.

దగ్గర ఉంచుకోవడం మాత్రం తప్పేమీ కాదు, సంతోషంగా ఉంచుకోండి. ముందు అసలుదో కాదో చూసుకోండి. కర్ర అంచు ఎడమన ఉండగా యూనియన్ జాక్‌ను గమనించండి. ఆ చిట్టి జెండా కుడి సగంలో, అంటే ఫ్రీ స్టేట్ జెండాకు ఆనుకున్న వైపు, ఎర్ర ఐమూల గీతకు పైన వెడల్పాటి తెల్ల చార ఉంటే సరైన పద్ధతి. ఎడమ సగంలో ఉంటే ఎవరో మామూలు యూనియన్ జాక్ బొమ్మ తెచ్చి అతికించిన ఇటీవలి చవక సరుకు. గుడ్డ కూడా చెబుతుంది. పాతవి ఎక్కువగా ఉన్ని కలిసిన ముతక నేత. పట్టీలు విడిగా కత్తిరించి కుట్టినవి. చిట్టి జెండాలు వేరే గుడ్డ మీద అచ్చువేసి రెండు వైపులా అతికించి ఉంటాయి, నా దగ్గరున్నది అలాంటిదే. పలచటి పాలిస్టర్ మీద మొత్తం ఒకే అచ్చులో దిగి, వెనక వైపు అదే బొమ్మ తిరగబడి కనిపిస్తుంటే పర్యాటకుల సరుకే. కర్ర వైపు తెల్లటి గట్టి పట్టీ మీద తయారీదారు ముద్ర, కొలత ఏమైనా ఉన్నాయేమో చూసి ఫొటో పెట్టండి, కాలం అంచనా వేసి చెబుతాను. మడత పెడితే ఉన్ని ఆ మడతల దగ్గరే చిరుగుతుంది. పాత నూలు దుప్పటిలో పెట్టి గొట్టానికి చుట్టి, వేపాకు కాకుండా కలరా ఉండలు కాస్త దూరంగా ఉంచి, అలమరలో పడుకోబెట్టండి. ఉన్నికి అసలు శత్రువు చిమ్మటే.